సంచిలో దానిమ్మ రంగు

మా ఆయన పొట్ట మీది కట్టుకు పచ్చటి మరక కనిపించగానే, మందేదో ఒలకబోశారనుకుని నర్సు మీద విరుచుకుపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ అమ్మాయి కట్టు విప్పింది. కుట్ల సందుల్లోంచి పసరు ఊరుతోంది. పైత్యం వాంతిలో వచ్చే రంగే, ఆ వాసనే. పేగులో ఉండాల్సింది పొట్ట మీదికి రావడమేమిటి!

"గిదేంది బిడ్డా! ఆపరేషన్ మంచిగైందన్నరు గదా!" అని అత్తయ్య మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

బాగైందనే చెప్పారు మరి. చిన్నప్పుడు అపెండిక్స్ పగిలితే చేసిన ఆపరేషన్ వల్ల లోపల తాళ్లలా పట్టిన పొరలు, ఇన్నేళ్లకు ఆయన పేగుకు అడ్డం పడ్డాయి. ఆఫీసు మీటింగులో కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతే ఆసుపత్రికి తెచ్చారు. పాడైన పేగు ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. ఇక నల్లగండ్లలోని మా ఇంటికి వెళ్లి దిష్టి తీయడమే మిగిలిందనుకున్నాం.

స్కాన్ చూశాక సర్జన్ అత్తయ్యనూ నన్నూ కూర్చోబెట్టింది. గుంటూరు వైపు మనిషి, నిదానస్తురాలు.

"కుట్టిన చోట పేగు లీకవుతోందండి. పేగు నుంచి చర్మం దాకా దారి పడింది. దీన్ని ఫిస్టులా అంటాం."

"ఎవరి తప్పు?" అన్నాను, గట్టిగానే.

"మీరు అడగాల్సిందేనండి. పేగు బాగా వాచి ఉంది, ఆయన అప్పటికే నీరసించి ఉన్నారు, లోపల చీము పట్టింది. అలాంటప్పుడు ఎంత జాగ్రత్తగా కుట్టినా ఒక్కోసారి అతుకు నిలవదు."

"అయితే మళ్లీ కోసి కుట్టేయండి!"

"ఇప్పుడు కోస్తే మనిషి దక్కకపోవచ్చు. పేగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, ఒకచోట కుడితే ఇంకోచోట చిరుగుతుంది. దానంతటది మూసుకునే అవకాశం ఉంది. అప్పటిదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి."

పేగుకు చిల్లు పెట్టుకుని ఎదురుచూడడమా!

ఊరికే ఏమీ ఉండలేదు వాళ్లు. సన్నటి గొట్టం పెట్టి చీము తీశారు. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. మెడ దగ్గరి నరంలోకి పాలలాంటి తెల్లటి ద్రవం ఎక్కించారు, అదే ఆయన భోజనం. కారే పసరు తగిలిన చోటల్లా చర్మం కాలినట్టు ఎర్రబడుతుంటే, చుట్టూ పేస్టు పూసి పొట్టకు ప్లాస్టిక్ సంచి అతికించారు. సంచిలో ఎంత పడిందో రోజూ కొలిచేవారు. తగ్గితే బతుకు, పెరిగితే భయం. గదిలోకి అడుగుపెట్టగానే నా కళ్లు ముందు ఆ సంచి మీదికే పోయేవి.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి వచ్చి చూద్దును కదా, సంచి ఎర్రగా ఉంది.

"రక్తం! ఓరి దేవుడా, రక్తం!" అని వరండా అదిరిపోయేలా అరిచాను.

సర్జన్ పరుగున వచ్చింది. సంచి చూసింది, నాడి చూసింది, ఆయన నాలుక బయటపెట్టమంది. తర్వాత అడిగింది: "ఏం తాగారండి?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. అత్తయ్య కొంగు చాటు నుంచి సీసా తీసింది.

"దానిమ్మ రసం డాక్టరమ్మా. రక్తం పడుతదని జరంత తాపిన. నోరెండి పోతుందమ్మా అని వీడు ఏడుస్తుంటే పానం ఆగలే."

రక్తం పడుతుందని! ఇప్పుడే గొంతు దిగిన రసం, అదే రంగుతో, పొట్ట మీద సంచిలో! అత్తయ్య మీద ఎగిరిపడదామని నోరు తెరిచాను.

"ఇంత తొందరగా వచ్చిందంటే చిల్లు పేగు పైభాగంలోనే ఉంది, స్కాన్ చెప్పింది నిజమే," అంది సర్జన్. "తిన్నది ఒంటికి పట్టకముందే బయటికి పోతుందమ్మా. ఆ దారికి పని చెప్పినన్నాళ్లూ అది మూసుకోదు."

ఆ రోజు నుంచి అత్తయ్య ఆ గదిలోకి ఖాళీ చేతులతోనే వచ్చింది.

వారాలు గడిచాయి. సంచిలో పడేది తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. మళ్లీ స్కాన్ తీస్తే దారి మూసుకున్నట్టు కనిపించింది.

"ఈ రోజు నోటి ద్వారా ఇవ్వడం మొదలుపెడదామండి. రంగున్నదైతే మనకూ వెంటనే తెలుస్తుంది. ఆ దానిమ్మ రసమే వడగట్టి తెచ్చుకోండి," అంది సర్జన్.

తెచ్చిన గ్లాసును అత్తయ్య ముట్టుకోలేదు. "నా చేత్తోని తాపియ్య బిడ్డా. నువ్వే తాపియ్యి."

గుక్కెడు కోసం ఏడ్చిన మనిషి తల పక్కకు తిప్పుకున్నాడు. "వద్దే. భయమైతుంది."

"నాకూ భయంగానే ఉంది, తాగు!" అని కసిరాను. గ్లాసు గబుక్కున వంచేసరికి రసం ఆయన గడ్డం మీద ఒలికింది. తాగాడు. అత్తయ్యా నేనూ మంచానికి చెరోవైపు వంగి సంచికేసి రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి సర్జన్ వచ్చి సంచి తడిమింది.

"పొడిగానే ఉందండి."

అయినా మేం కళ్లు తిప్పలేదు.

"జర ఇటు చూడుండ్రి," అన్నాడాయన నీరసంగా. "ఆపరేషన్ అయినప్పటిసంది అందరు సంచినే చూస్తున్రు. ఒక్కరన్న నా మొఖం చూసిన్రా?"

ఉలిక్కిపడి తలెత్తాను. దవడలు లోపలికి పోయాయి, కళ్ల కింద గుంటలు పడ్డాయి. పెదాలకు దానిమ్మ ఎరుపు అంటుకుని ఉంది. గడ్డం సగానికి పైగా నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు.