పులి మాట్లాడకూడదు

మాంత్రికురాలిగా ఉండాలని నేను ఎప్పుడో నిశ్చయించేసుకున్నాను. నాన్న కొట్టు గోదాములో దొరికిన వెదురుకర్రకి వెండిరంగు కాగితం చుట్టి, అద్దం ముందు నిలబడి శాపాలు సాధన కూడా మొదలుపెట్టేశాను. నోరు ఊరుకోని పిల్లకి అంతకన్నా తగిన పాత్ర ఏముంటుంది?

ఆట మా బావది. మా మావయ్య కొడుకు. ఇంజినీరింగ్ చదువుతూ ఇంటర్నెట్లో ఎక్కడో చూసి, తనకి పట్టిన పిచ్చిని మా అందరికీ అంటించాడు. నాటకం కాదది, ముందే రాసుకున్న మాటలుండవు. లేని రాజ్యాన్ని ఒకటి ఊహించుకుని, అందులో మనం ఎలాంటి మనిషిమో ఎంచుకోవాలి. యోధుడో, మాంత్రికుడో, వైద్యుడో, దొంగో. వేషం కట్టి రోజంతా ఆ మనిషిగానే తిరగాలి. శృంగవరపుకోట దగ్గర కొండ కింద, బావ స్నేహితుడి మామిడితోటలో ఆదివారం ఆట. పైపులకి స్పాంజి చుట్టి కత్తులు కూడా చేసేశారు. తలుచుకుంటేనే నాకు కాలు నిలిచేది కాదు.

ఒక్క పాత్ర మాత్రం ఎవరూ తీసుకోలేదు. మృగంగా మారే మనిషి. ఆ రూపంలో ఉన్నంతసేపూ గర్జించాలే తప్ప మాట్లాడకూడదు. నోరు జారితే ఔట్.

"అది నీకిస్తే తోట గేటు దగ్గరే ఔటైపోతావే" అని బావ ఏడిపించాడు. నాకు ఒళ్లు మండింది, కానీ వాడన్నది నిజమే.

శ్రీకాకుళంలో మా వంటింట్లో కూర్చుని ఇదంతా అమ్మకి చేతులు తిప్పుతూ చెబుతుంటే, చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మ చెయ్యి ఆగిపోయింది. మామ్మంటే మా నాన్న తల్లి.

"ఏటే, ఏసాలు కడతారా? పులేసం ఉన్నాదేటి అందులో?"

"ఏదో మృగం ఉందిలే మామ్మా. నేను మాత్రం మాంత్రికురాలిని."

"పులేసం కట్టవే తల్లీ."

ఆ గొంతులో పరాచికం లేదు. మా వైపు అమ్మవారి పండగల్లో, మొక్కుకున్నవాళ్లు ఒళ్లంతా పసుపు మీద నల్లచారలు వేయించుకుని డప్పులకి పులివేషం ఆడతారు. నేను చూసినంతలో అందరూ మగవాళ్లే.

"మీ అమ్మకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చేసినాయి. బిడ్డ బతికి బట్టకడితే పులేసం ఏయిస్తానని అమ్మోరికి మొక్కేసినాను. మగోడనుకున్నాను. నువ్వొచ్చి పడ్డావు. ఆడపిల్లకి పులేసమేటని మీ తాత ఒప్పుకోలేదు. నీకు జొరమొచ్చినప్పుడల్లా ఆ మొక్కే గుర్తొస్తాది నాకు. ఎవులికీ సెప్పుకోలేదు."

నాకు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మామ్మ నా మంచం పక్కన చేరి లెంపలేసుకుంటూ ఉండేది. చాదస్తం అనుకుని నవ్వేదాన్ని.

"ఇది ఆట మామ్మా. దేవుడి పని కాదు."

"ఏసం ఏసమే. అమ్మోరికి తెలీదేటి?"

నేను గయ్యిమన్నాను. నా పాత్ర నేనే ఎంచుకోవాలి, ఆటలో మొదటి నియమమే అది అన్నాను. మామ్మ వాదించలేదు. "సరేలే తల్లీ" అని పిక్కల్లోకి తలొంచుకుంది. తిట్టి ఉంటే నేనూ తిట్టి హాయిగా ఉండేదాన్ని. ఆ "సరేలే" సాయంత్రం దాకా నా చెవుల్లోనే తిరిగింది.

చివరికి బావకి ఫోన్ చేశాను. "ఆ మృగం నాకిచ్చెయ్."

"ఎవులైనా బలవంతం సేసినారా?"

"లేదు. నేనే ఎంచుకున్నాను" అన్నాను. అనగానే ఆ మాట నిజమైపోయి, ఒళ్లంతా జల్లుమంది. వెదురుకర్ర గోదాముకి వెళ్లిపోయింది. నాన్న కొట్లోంచి కొబ్బరితాడు తెచ్చి తోక పేనాడు. అమ్మ నవ్వి నవ్వి నా పసుపు చుడీదారు మీద చారలన్నీ వంకరగా గీసింది.

ఆదివారం మామ్మ కూడా సంచీ పట్టుకుని బస్సెక్కేసింది. చూసేవాళ్లకి తోటలో చోటు లేదని గేటు దగ్గర బావ అడ్డం పడ్డాడు.

"సూడ్డానికి రాలేదురా. మొక్కు తీర్సడానికొచ్చాను."

"అయితే నీది ఏ పాత్రో సెప్పాలి మామ్మా."

"మామ్మనిరా" అంది, లోపలికి నడుస్తూ.

ఎవడో ఖాళీ నూనె డబ్బా మీద పులిడప్పు అందుకున్నాడు. చెట్టు చాటు నుంచి ఒక్క దూకు దూకాను. ఇద్దరు యోధులు స్పాంజి కత్తులు పారేసి పరుగు లంకించుకున్నారు. అంత ఆనందం నేను మళ్లీ ఎరగను.

ఇంతలో యుద్ధం మధ్యలోంచి మామ్మ వచ్చింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రాతి మీద కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, రంగు పూసిన నా నుదుటి మీద బొట్టు పెట్టింది. మామ్మ కళ్లు నిండిపోయాయి.

"తీరిపోయినట్టేనా తల్లీ?"

ఎన్ని మాటలు నాలుక చివరికొచ్చాయో! బావ ఔటనడానికి చెయ్యెత్తి సిద్ధంగా ఉన్నాడు. మామ్మ మొహంలోకి చూస్తూ, ఉన్న గొంతంతా పెట్టి గర్జించాను.

మామ్మ హారతి కళ్లకద్దుకుంది. పళ్లెం సంచీలో సర్దుకుంటూ అంది.

"ఇంక జొరమొస్తే మాత్ర ఏసుకుని తొంగో."