రెండు పోగులు దూరిన జెట్టు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పబోయేదానికి విలువ ఉండదు. మదురైకి దక్షిణాన కోవిల్‌పట్టిలో నాకు బైకులు రిపేరు చేసే షెడ్డు ఉంది. బండి స్టార్ట్ కాకపోతే దిష్టి తగిలిందని హ్యాండిల్‌కి నిమ్మకాయలు కట్టి తోసుకొచ్చే వాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఆ దిష్టిని నేను ప్లగ్గులోంచి బ్రష్షుతో గీకి తీసేస్తాను. నిమ్మకాయలు ఇంటికి పట్టుకెళ్తాను. మా ఆవిడ తిడుతూనే పులిహోర కలుపుతుంది.

అలాంటి నాకు, పోయిన ఏడాది రంగసామి మామ బండి దగ్గర జరిగినదానికి మాత్రం జవాబు దొరకలేదు.

మామ నాకు చుట్టం కాదు, పని నేర్పిన గురువు. విరుదునగర్‌లో మిరపకాయల గోడౌన్ల వెనక చిన్న షాపు ఆయనది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లందరం తుమ్ముతూనే నేర్చుకున్నాం. మామ నేతపని వాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలేసి స్పానర్ పట్టాడు. మగ్గం వదిలినా నూలు మాత్రం వదల్లేదు. షాపులో పనిబల్ల పైన ఎప్పుడూ ఒక నూలు కండె వేలాడుతుండేది.

అది కార్బురేటర్ల కోసం. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్ అని తెలిసిందే కదా. దాని లోపల జెట్టు అనే చిన్న ఇత్తడి మర ఉంటుంది. ఆ మర మధ్యలో వెంట్రుకలాంటి రంధ్రం. అది మూసుకుపోతే బండి ఆగిపోతుంది. పెద్దదైతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోయి, అప్పుడూ ఆగిపోతుంది. ఊళ్లో మెకానిక్కులందరూ దాన్ని తీగతో పొడిచి శుభ్రం చేసేవాళ్లు. మామ షాపులో తీగ ముట్టుకోకూడదు. మగ్గం పడుగుకి పెట్టినట్టే నూలుకి గంజి పెట్టి ఆరబెట్టేవాడు. అది సూదిలా నిలబడేది. దాన్ని రంధ్రంలో దూర్చి మెల్లగా లాగేవాడు. జెట్టు బాగుందో లేదో చెప్పడానికీ అదే కొలత. ఒంటి పోగు దూరాలి, రెండు పోగులు కలిపితే ఆగిపోవాలి.

ఆయన పని చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి గుర్తొచ్చేది కాదు. రెండు సిలిండర్ల బండి వస్తే రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులూ పెట్టి, కళ్లు మూసుకుని, ఎడమది కొంచెం వెనకబడిందనేవాడు. ఆ పక్క స్క్రూని పావు చుట్టు తిప్పేవాడు. అంతే, రెండూ ఒక్క గొంతుతో పలికేవి. తర్వాత నేను మీటర్లు కొన్నాను. వాటితో అంతకంటే బాగా ఒక్కసారీ కుదర్చలేకపోయాను. అంత గొప్ప పనివాణ్ణి మళ్లీ చూడలేదు.

ఆయన సొంత బండి కూడా అలాంటిదే. ఎనభైల నాటి త్రీఫిఫ్టీ, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. ప్రతి ఆదివారం భార్య కిష్టమ్మత్తను వెనక కూర్చోబెట్టుకుని స్టేషన్ రోడ్డులో ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు.

ఇరవై రెండేళ్ల కింద ఆ బండి కార్బురేటర్లు కడగమని నాకిచ్చాడు. తన బండిని ఒకరి చేతికివ్వడం అదే మొదలు. ఎడమ జెట్టులో పాత పెట్రోలు బంకలా గట్టిపడిపోయింది. పోగు దూరలేదు. నాకేమో తొందర. మామ టీకి వెళ్లిన సమయం చూసి బ్రేకు కేబుల్లోంచి ఒక ఉక్కు తీగ పీకి పొడిచాను, తిప్పాను. దూరింది. ఆ కంగారులో పట్టకారు జారి జెట్టు తల మీద మూడు గీతలు పడ్డాయి. తర్వాత రెండు పోగులు కలిపి పెట్టి చూశాను. అవీ దూరాయి. రంధ్రం పెద్దదైపోయింది. ఎవరికీ చెప్పకుండా బిగించేశాను.

ఆ రోజు నుంచి ఆ బండి ఆపిన చోట ఇంజను నిలకడగా తిరగలేదు. యాక్సిలరేటర్ వదిలితే ఎడమ పక్క దగ్గి ఆరిపోయేది. ఎవరైనా అడిగితే, దానికి వయసైందనేవాడు మామ. ఏడాది తిరక్కుండా నేను కోవిల్‌పట్టి వచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. పండక్కీ పబ్బానికీ వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. ఆ మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆయన పోయేదాకా చెప్పలేదు.

పోయిన ఏడాది మామ మొదటి తెవసం, అంటే సంవత్సరీకం, ఇంకా పది రోజులుందనగా అత్త ఫోన్ చేసింది.

"ఏమప్పా, మీ మామ వండి నిలిపినది నిలిపినట్లే ఉండాది. తెవసం నాడు ఒక తూరి నన్ను కూర్చోబెట్టుకొని స్టేషన్ రోడ్డుకు పో. ఆ సత్తము వినాల. నాకు ఇంకేమీ వొద్దు."

వండి అంటే మా వైపు బండి, సత్తమంటే చప్పుడు. ఆమె అడిగింది ఆ చప్పుడొక్కటే. బండిని చిన్న వ్యాన్‌లో తెప్పించుకున్నాను.

రెండు కార్బురేటర్లూ పూర్తిగా విప్పాను. తెల్లగుడ్డ పరిచి, మామ నేర్పినట్టే కుడివి కుడి పక్క, ఎడమవి ఎడమ పక్క పేర్చాను. కడిగాను, వాషర్లు మార్చాను, బిగించాను. కుడి పక్క బ్రహ్మాండంగా పలికింది. ఎడమ పక్క మూడు తూర్లు ప్లగ్గు తడిపి ఆరిపోయింది. కారణం నాకు తెలియనిదేం కాదు. విప్పి చూస్తే మూడు గీతలూ అలాగే ఉన్నాయి.

జెట్టుని ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకుని మదురై వెళ్లాను. పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. అలాంటిది ఇప్పుడెక్కడా రావడం లేదన్నారు. తిరిగి వస్తూ విరుదునగర్‌లో దిగి అత్త ఇంటికి వెళ్లాను. బండి నడవదని చెబుదామనుకున్నాను. ఆమె ముందు కూర్చున్నాక మొత్తం చెప్పేశాను.

అత్త లేచి వెళ్లి మామ నూలు కండె తెచ్చింది. ఆమెదీ నేత ఇల్లే, వేళ్లు ఇంకా చురుకు. రెండు పోగులు కలిపి జెట్టులో పెట్టింది. సర్రున దూరాయి.

"ఇది నాకు ఎరికే అప్పా. మీ మామకూ ఎరికే" అంది. "ఆ పొద్దే చూసినాడు. మదురైకి పొయ్యి వేరేది కొనుక్కో అంటే వొద్దన్నాడు. వాడే వొచ్చి చెప్పనీ, ఆ పొద్దు సరి చేసుకుందాము అన్నాడు."

"మరి నన్ను తిట్టలేదేమి అత్తా?"

"తిట్టింటే నువ్వు పనే వదిలేసి పొయ్యింటావు. చెయ్యి మంచి చెయ్యి, పోనీకూడదు అన్నాడు."

నేను ఏడ్చాను. నలభై ఆరేళ్ల మనిషిని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నేను నోరు తెరవాలని ఆ మహానుభావుడు ఇన్నేళ్లూ దగ్గే బండిని నడిపాడు. అత్త జెట్టుని అగ్గిపెట్టెలో వేసి నా చొక్కా జేబులో పెట్టింది. దూర్చి చూసిన ఆ పోగులనే ఒక పుల్లకు చుట్టి ఇచ్చింది.

ఇక్కణ్ణుంచి ప్రతిదీ జాగ్రత్తగా చెబుతాను. అగ్గిపెట్టె నా జేబు దాటలేదు. బస్సులో చెయ్యి దాని మీదే ఉంది. సాయంత్రం షెడ్డులో ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంటుంది. మర్నాడు పొద్దున పదింటికి, వేరే దారి లేక, ఆ జెట్టునే మళ్లీ బిగించాను. స్క్రూ తిప్పి ఎలాగో సర్దుదామని ఆశ.

ఒక్క కిక్కు. రెండు పక్కలా పలికింది. యాక్సిలరేటర్ వదిలేశాను. ఆరిపోలేదు. సైలెన్సర్ల వెనక రెండు అరచేతులూ పెట్టాను. రెంటికీ ఒకే తాకిడి.

ఆపి, చల్లారాక ఎడమ జెట్టు బయటికి తీశాను. మూడు గీతలూ ఉన్నాయి. అదే జెట్టు. పుల్లకున్న పోగుల్లో ఒకటి పెట్టాను, దూరింది. రెండూ కలిపి పెట్టాను. ఆగిపోయాయి. ఐదు తూర్లు పెట్టాను. ఐదు తూర్లూ ఆగిపోయాయి.

పోగులు ఉబ్బాయేమోనని కుడి జెట్టులో పెట్టి చూశాను. ఎప్పటిలాగే ఒంటి పోగు దూరింది, రెండు ఆగాయి. లోపల మడ్డి పేరుకుందేమోనని వేడినీళ్లలో మరిగించాను. వెలుతురుకి ఎత్తి చూస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. లేత్ పని చేసే స్నేహితుడికి చూపించాను. అరిగిన ఇత్తడి మళ్లీ పెరగదు, విరుదునగర్‌లో నువ్వే సరిగ్గా చూసుండవు అన్నాడు. కానీ అక్కడ పోగు దూర్చింది నేను కాదు, అత్త. నూలు విషయంలో ఆమె పొరపడదు.

తెవసం నాడు బండిని విరుదునగర్ తీసుకెళ్లి, కర్మ అయ్యాక అత్తను ఎక్కించుకుని స్టేషన్ రోడ్డుకు బయల్దేరాను. ఆమె ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. జెట్టు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. దారిలో రైల్వే గేటు పడింది. మామ అక్కడ ఎప్పుడూ యాక్సిలరేటర్ తిప్పుతూనే ఉండేవాడు, లేకపోతే ఆగిపోయేది. నేను చెయ్యి తీసేశాను. బండి తనంతట తాను, తొణక్కుండా తిరుగుతూనే ఉంది. రైలు వెళ్లిపోయింది. గేటు ఇంకా లేవలేదు.

"చెయ్యి తీసినావా?" అంది అత్త.

"తీసినాను అత్తా." జెట్టు సంగతంతా అక్కడే చెప్పాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. కొంచెం సేపు ఆ చప్పుడే విన్నది. "సరి చేసుకుందాము అన్నాడు కదప్పా" అంది.

ఆ తర్వాత నేను ఆ కార్బురేటర్ విప్పలేదు. విప్పే ధైర్యం లేక కాదు, విప్పాల్సిన పని పడలేదు. దయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. దీన్ని దయ్యం పని అనడానికి నోరు రావడం లేదు. మామ పని అనడానికే వస్తోంది. ఎలా జరిగిందంటే మాత్రం, నాకు తెలియదు.