మిట్టమధ్యాహ్నం పాడిన పాట

చలికాలం సాయంత్రాల్లో నారాయణఖేడ్ బస్టాండు దగ్గర పచ్చి కందికాయలు ఉప్పు వేసి ఉడకబెట్టి అమ్ముతారు. నిన్న అంగన్‌వాడీ కేంద్రానికి తాళం వేసి ఇంటికి వస్తుంటే ఆ ఆవిరి నా మొహానికి తగిలింది. చేను వాసన, ఉప్పు వాసన, తడిసిన గోనెసంచి వాసన అన్నీ కలిసిన వేడి. అక్కడే నిలబడిపోయాను. బస్సులూ ఆటోలూ మనుషులూ మంచులో కొంచెం కొంచెంగా వెనక్కి జరిగినట్టయింది. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మసిబారిన కుండ, పక్కనే ముఖం చాటంత చేసుకుని కూర్చున్న సుందరమ్మ పెద్దమ్మ. "ఒల్సుకో బిడ్డా, సల్లారితె రుచుండది" అంటున్నట్టే ఉంది. బండి అతను "ఏం గావాలమ్మా?" అని గట్టిగా అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉండాల్సిందండీ!

సుందరమ్మ మా పక్కింటి మనిషి. ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. కర్ణాటక అంచున నాగల్‌గిద్ద దిక్కు పుట్టింది కాబట్టి మాటల్లో కన్నడం దొర్లేది, ఏ పని ముగిసినా "ఆయ్తు" అనేది. జొన్నరొట్టెలు చేసి ఇళ్లకూ హోటళ్లకూ ఇచ్చి బతికేది. నేను పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, తెల్లవారుజామున గోడ అవతల నుంచి పిండి తట్టే చప్పుడూ దాని వెంబడే ఒక పాటా వినబడేవి. నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్న నాకు ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు ఉండేది. మేము వెళ్లే ప్రార్థన మందిరానికే ఆమె కూడా వచ్చేది. అందరికంటే ముందు వచ్చి, చాపలు పరిచి, కిటికీ పక్కన కూర్చునేది.

ఆమె భర్త జబ్బుచేసి పోయాడు. ఆ తర్వాత ఒక్కగానొక్క కూతురు, పెళ్లీడు పిల్ల, జ్వరం వచ్చి దవాఖానకు చేరేలోపే పోయింది. అయినా పొద్దున్నే ఆ పాట ఆగలేదు. ఆమెది రాతిగుండె అని వాడలో కొందరు అనేవాళ్లు. నాకూ లోలోపల అనుమానమే. నా నోరు ఊరుకోదు, మా వాడలో ఎవరినడిగినా చెబుతారు. ఒకరోజు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని అడిగేశాను.

"పెద్దమ్మా, పిల్ల యాదికి రాదా? ఎట్ల పాడుతవు?"

ఆమె పెనం మీది రొట్టెను తిప్పింది. కళ్లు పొగకు ఎర్రబడ్డాయో మరి దేనికో నాకు తెలియలేదు. "యాదికి రాకుంట ఎట్లుంటది? ఏడ్పొస్తది, పాట గూడ వస్తది. రెండిటికి ఉన్నది గీ ఒక్క గొంతే గద బిడ్డా. ఒకదాని ఎన్క ఒకటి వస్తనే ఉంటయి" అంది. నా చేతిలో పెట్టిన రొట్టె తిని ఇంటికి వచ్చేశాను. అప్పటికి నాకు కష్టమంటే తెలియదు.

మా ఆయన పేరు ప్రేమదాసు, అందరికీ దాసు. మేస్త్రీ పని చేసేవాడు. ఇక్కడ పనులు లేని కాలంలో కంగ్టి, సిర్గాపూర్ వాళ్లతో కలిసి హైదరాబాదు వెళ్లేవాడు. ఒక ఏడు అక్కడ కడుతున్న మేడ మీద కాలి కింది కర్ర జారి పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ, నడుము కింద కాళ్లు ఆయన మాట వినడం మానేశాయి. పెద్ద దవాఖానలో చేయగలిగిందంతా చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దాసు ఎలాంటి మనిషనుకున్నారు? ఇంట్లో ఉంటే పొద్దంతా పరాచికాలే. అలాంటివాడు ఇంటికి వచ్చిన రోజే, "నన్ను గోడదిక్కు తిప్పు సరళా" అన్నాడు. తిప్పాను. ఇక ఆ గోడే ఆయన లోకమైపోయింది. అన్నం ముట్టడు. బతిమాలితే రెండు గుక్కలు గంజి. "నన్ను ఇడ్సిపెట్టు. నాకు బతకాలని లేదు" అనేవాడు. పళ్లెం పట్టుకుని నేను అలాగే నిలబడేదాన్ని. తినకపోతే మనిషి మిగలడని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. కళ్లముందే మనిషి కరిగిపోతున్నాడు, నేను ఏం చేసేది?

చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం మాటలకు కొదవలేదు. దేవుడు పరీక్షిస్తుండనేవాళ్లు, ఓపిక పట్టాలనేవాళ్లు. ఓపిక అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. వాళ్లకేం, చాయ్ తాగి, చెప్పి, లేచి వెళతారు! ప్రార్థన మందిరానికి వెళ్లడం మానేశాను. సుందరమ్మ ఒక్కతే ఏమీ చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం ఒక వేడిరొట్టె గుడ్డలో చుట్టుకుని వచ్చి, మంచం కోడు పక్కన నేల మీద కూర్చునేది. రొట్టె ఆయన తల దగ్గర పెట్టేది. ఆయన చూసేవాడు కాదు. రేకుల సందుల్లోంచి పడిన ఎండ నేల మీద మెల్లగా జరుగుతుంటే ఆమె దాన్నే చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో పాడుకునేది. ఎండ ఆమె పాదాల దాకా వచ్చాక చల్లారిన రొట్టెను తీసుకుని, "ఆయ్తు, రేపొస్త" అని లేచేది. మర్నాడు మళ్లీ వేడిరొట్టె. ఒకరోజు గుమ్మం దగ్గర ఆమెను ఆపాను. నాలో కోపం కట్టలు తెంచుకుంది.

"నీ దేవునికి మా ఇల్లే దొరికిందా పెద్దమ్మా? నా పెనిమిటే దొరికిండా?"

"నన్నెందుకడుగుతవు బిడ్డా? ఆయన్నే అడుగు. నేను గూడ అడిగిన, నా పిల్ల పోయిన్నాడు."

"ఏం జెప్పిండు మరి?"

"ఇంగ జెప్పలె" అంది మామూలుగా. "ఆయన జెప్పేదాంక ఆయన గడపలనే కూసుంట. నేను యాడికి పోను? కూసున్నంతసేపు పాడుకుంట."

దేవుడితో అలా కొట్లాడవచ్చని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు వంటింట్లో కూర్చుని నోటికొచ్చినట్టు అడిగాను ఆయన్ని. జవాబేమీ రాలేదు. కానీ చాలా రోజులకు మళ్లీ దేవుడితో మాట్లాడాను.

మా మందిరం వాళ్లు ప్రతి మంగళవారం ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం పెడతారు, వంతులవారీగా. మా వంతు వచ్చింది. ఈసారికి మమ్మల్ని వదిలేయమన్నాను. సుందరమ్మ ఒప్పుకోలేదు. "వంతు వంతే. చాపలు నేను తెస్త, నువ్వు తలుపు దీసి పెట్టు సాలు" అంది. మామూలుగా కూటం దీపాలు పెట్టే వేళ జరుగుతుంది, కూలి పనుల నుంచి అందరూ వచ్చాక. ఆ రోజు సాయంత్రం పాస్టరయ్య వేరే ఊరికి వెళ్లాల్సి ఉండటంతో మిట్టమధ్యాహ్నమే పెట్టుకున్నాం. అందులో ఉన్న చిక్కు ఎవరికీ తట్టలేదు. మావాళ్లలో ఎవరైనా కన్నుమూస్తే, మట్టి చేసేదాకా చుట్టూ కూర్చుని పాడుతూనే ఉంటారు. ఆ సంగతి వాడంతా ఎరుగుదురు. పట్టపగలు, మంచాన పడ్డ మనిషి ఇంట్లోంచి, పదిమంది గొంతులు కలిపి పాడితే వాడవాళ్లు ఏమనుకుంటారు?

లోపల దాసు మంచం చుట్టూ కూర్చుని పాడుతున్నాం. సుందరమ్మ ఏరికోరి చప్పట్లు కొట్టే పాట ఎత్తుకుంది. ఈ ఇంట్లో ఇదేం పాట అని నాకు చిరాకు. దాసు గోడ వైపే ఉన్నాడు. కాసేపటికి వాకిట్లో ఏడుపులు వినిపించాయి. మా కష్టం చూడలేక ఏడుస్తున్నారనుకున్నాను. ఎదురింటి నర్సమ్మ పాట వినగానే సగం ఉడికిన పప్పు దించి, పొయ్యి ఆర్పి, సిర్గాపూర్‌లో ఉన్న మా ఆడబిడ్డ రత్నమ్మకు ఫోను చేసిందని మాకేం తెలుసు? మా కూటాలు తొందరగా ముగియవు. పాటల తర్వాత వాక్యం, ప్రార్థన, మళ్లీ పాటలు. అంతలో ఆటో వచ్చి ఆగింది. గుండెలు బాదుకుంటూ రత్నమ్మ లోపలికి వచ్చి పడింది. "అన్నా! నన్నిడ్సి పోతివా అన్నా! కందిచేను కోతకు వస్తనంటివి గదనే!"

పాట ఆగిపోయింది. ఆమె వెనకాలే గుమ్మంలో బక్కన్న. వాడలో ఎవరు పోయినా గుంత తవ్వేది ఆయనే. భుజాన గడ్డపార, కళ్లనిండా నీళ్లు. "పాస్టరయ్యా, జాగ యాడనో జల్దీ జూపియ్యి. నేల గట్టిగున్నది, తవ్వుడు ఆల్శెమైతది" అన్నాడు.

అప్పుడు మంచం మీద తల మెల్లగా ఇటు తిరిగింది.

"బక్కన్నా, గంత పరేషాన్ ఎందుకే? నేను ఇంగ పోలె."

గడ్డపార దభీమని నేల మీద పడింది. బక్కన్న గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ముందుగా సుందరమ్మకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, ఒళ్లంతా ఊగిపోతోంది. ఆ తర్వాత విన్నాను, ఎన్నో నెలలుగా వినని శబ్దం. దాసు నవ్వుతున్నాడు. దగ్గుతూ, ఊపిరాడక, కళ్ల వెంబడి నీళ్లు కారుతుంటే నవ్వుతున్నాడు. "సచ్చిపోయినవనుకుంటి గదనే!" అని రత్నమ్మ ఆయన భుజం మీద పిడిగుద్దులు గుద్దుతూ ఏడుస్తోంది. "నా పొయ్యి ఆర్పుకుంటి, పప్పు గట్లనే పలుకున్నది!" అని నర్సమ్మ అటునుంచి. ఇల్లంతా నవ్వు, ఏడుపు. ఎవరు ఏది చేస్తున్నారో చెప్పలేను. నేనైతే రెండూ చేశాను.

నవ్వు తగ్గాక దాసు అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. గుమ్మంలో, వాకిట్లో, గోడ మీంచి తొంగిచూస్తున్న వాళ్లను కూడా. "నా కోసం గింతమంది ఏడ్సిన్రా?" అన్నాడు చిన్నగా.

"మరేమనుకున్నవు కొడుకా?" అంది సుందరమ్మ. "ఎవ్వలకైనా పోయినంకనే గింతమంది వస్తరు. వాళ్లు జూస్తరా ఏమన్ననా? నీకు బతికుండంగనే సూపిచ్చిండు దేవుడు. ఇగ తిను." గుడ్డలోంచి రొట్టె తీసి తుంచి ఇచ్చింది. ఆయన నోరు తెరిచాడు. నేను చూడలేక వంటింట్లోకి పోయి గోడకు ఆనుకున్నాను. ఆ మధ్యాహ్నపు ఎండ, ఆ జొన్నరొట్టె వాసన, అవతలి గదిలో మళ్లీ మొదలైన పాట నాకు కలలోవే అనిపిస్తాయి ఇప్పటికీ.

ఒక్క నవ్వుతో అన్నీ చక్కబడితే ఎంత బాగుండు! మర్నాడే మళ్లీ గోడ వైపు తిప్పమన్నాడు. అలాంటి రోజులు చాలా వచ్చాయి. కాళ్లు రాలేదు. రావాలని మందిరమంతా ప్రార్థించింది, రాలేదు. సుందరమ్మ మాత్రం రావడం మానలేదు. కొన్నాళ్లకు రొట్టెకు బదులు పిండి తెచ్చింది. "చేతులు మంచిగనే ఉన్నయి గద కొడుకా, ఇది తట్టు" అంది. మొగోన్ని, రొట్టెలు చేయాల్నా అని ఆయన మొరాయించాడు. "సిమెంటు కలిపినోనివి, జొన్నపిండికి సిగ్గా?" అని ఆమె నవ్వింది. వేడినీళ్లు పోసి పిండిని ఓపిగ్గా మర్దించాలి, తొందరపడితే అంచులు విరిగిపోతాయి. ఆయన మొదటి రొట్టెలు ముక్కలు ముక్కలయ్యాయి. ఆ ముక్కలన్నీ ఏరుకుని, కారం అద్దుకుని, మహా రుచిగా ఉన్నాయంటూ ఆమే తినేసింది. ఆ తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది, దాని ముందు ఒక బల్ల. గోడకు అటు ఆమె, ఇటు ఈయన. తెల్లవారుజామున రెండు వైపులా అదే చప్పుడు. ఆమె పాట ఎత్తుకుంటే ఈయన అందుకునేవాడు. నడుమ పడుకుని వింటూ, ఈ కష్టంలో ఇంత సంతోషం ఎక్కడినుంచి వచ్చి చేరిందా అని ఆశ్చర్యపోయేదాన్ని.

ఒక చలికాలం పొద్దున గోడ అవతల చప్పుడు లేదు. దాసు పిండి మీద చేతులు అలాగే ఉంచి, "సరళా, పోయి సూడు" అన్నాడు. ఆమె దుప్పటి కప్పుకుని, ప్రశాంతంగా, పక్కకు తిరిగి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మా అమ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

మట్టి చేసి తిరిగి వస్తుంటే పొద్దు వాలుతోంది. దారికి రెండు వైపులా కందిచేలు, మంచు దిగుతోంది. అందరూ ముందు వెళ్లిపోయారు. నేను కుర్చీ తోస్తున్నాను. దాసు చేల వైపు చూస్తూ అన్నాడు.

"మంచంల పడ్డప్పుడు గోడదిక్కు తిరిగి నేనేం అడుగుతుంటినో ఎరికేనా? నన్ను తీస్కపో దేవా అని. రోజూ గదే."

అది నాకు అప్పుడే తెలుసు. తోస్తూనే ఉన్నాను.

"ఇయ్యాల గుంత కాడ గూడ అడిగిన" అన్నాడు. "ఇంగ కొన్నేండ్లు ఉంచు దేవా అని."

కుర్చీ ఆపి, ముందుకు వచ్చి, ఆ మట్టిదారిలో ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. ఆ మోకాళ్లకు నా బరువు తెలియదు. ఆయన చెయ్యి మాత్రం నా తల మీదే ఉంది, చీకటి పడేదాకా. నాకు ఇప్పటికీ పెద్ద ప్రార్థనలు చేయడం రాదు. కష్టం వచ్చిన రోజున కోపం వస్తే కోపమంతా చెప్పేసి, చివరికి ఆ ఒక్క మాటే అడుగుతాను. ఇంకా కొన్నేళ్లు ఉంచు తండ్రీ, మా ఇద్దరినీ.