నా పేరిట మూడో సీసా

పోయినవి ముందు చెబుతాను. ప్రోస్టేట్ గ్రంథి ఒకటి. ఒంటి బరువు పదకొండు కిలోలు. పని రోజులు తొంభై నాలుగు. మూత్రం ఆపుకునే శక్తి, మొత్తంగా. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కొలవలేనిదాన్ని ఒప్పుకోను. ఎనిమిదో తరగతి దాటకపోయినా వేలూరు దగ్గరి గుడియాత్తంలో పన్నెండు మేడలకు ఇటుకల లెక్క కట్టిన మేస్త్రీని.

అగ్గిపెట్టెలు చేసే షెడ్లు కూలగొట్టి మేడలు లేపుతున్న రోజులవి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. క్యాన్సర్ అన్నారు. వేలూరు ఆసుపత్రిలో పొట్ట కోయకుండా చిన్న చిల్లులతో గ్రంథిని తీస్తామన్నారు. ముందుజాగ్రత్తగా రెండు సీసాల రక్తం అడిగారు. నా దగ్గర పనిచేసే మునుసామి, అతని తమ్ముడు ఇవ్వడానికి లోపలికి వెళ్లారు.

మధ్యాహ్నం పన్నెండు. బయట బల్ల మీద నా పక్కన ఒక ముసలాయన, డెబ్బై దాటి ఉంటాయి. మోచేతి మడతలో దూది. వేళ్లు సున్నానికి పగిలి ఉన్నాయి.

"సెంట్రింగు ఎన్ని దినాలకు తీస్తావప్పా?" అన్నాడు.

"స్లాబు పోసిన ఇరవై ఒక్క దినాలకు కింది చెక్కలు తీస్తా."

"అంత ఓర్పు నీ ఒంటి మీద ఉండాదా? గొట్టం తీసినాంక మూడు ఇరవై ఒకట్లు లెక్కపెట్టు. నిలుస్తాది."

ఏ గొట్టమో నాకు అర్థం కాలేదు. అప్పటికి గొట్టం సంగతి నాకెవరూ చెప్పలేదు. మునుసామి రాగానే లేచి వచ్చేశాను.

ఆపరేషన్ ఐదు చిల్లులతో ముగిసింది. ఒక్క సీసా రక్తం కూడా ఎక్కించలేదు. పదో రోజు మూత్రం గొట్టం తీశారు. అప్పటి నుంచి కారుడే. పరంజా ఎక్కలేని మేస్త్రీకి పని ఎవరిస్తారు? కొందరికి ఎప్పటికీ నిలవదని డాక్టరే చెప్పాడు.

"ఏమి మేస్త్రీ, స్లాబు బాగా పోసినా కారతా ఉండాదే" అని మునుసామి నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

రోజూ మార్చిన గుడ్డలు రాసిపెట్టాను. మొదటి రోజు తొమ్మిది. ఇరవై ఒకటో రోజు ఆరు. నలభై రెండుకు రెండు. అరవై రెండుకు ఒకటి. అరవై మూడో రోజు సున్నా.

మర్నాడే మూడో అంతస్తు పరంజా ఎక్కి నాలుగు గంటలు నిలబడ్డాను. పంచె పొడిగా ఉంది.

"కారడం నిలిచిందా మేస్త్రీ?" అని కింద నుంచి మునుసామి.

"సెంట్రింగు తీసేసినాము లేరా" అన్నాను. పనివాళ్లంతా నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

మూడు నెలలకు చేసిన రక్తపరీక్షలో, ఆపరేషన్‌కు ముందు ముప్పై ఒకటి ఉండిన క్యాన్సర్ అంకె సున్నా దగ్గరకు దిగింది. ఆ సంతోషంలో ముసలాయనకు పంచె కొని రక్తం తీసేచోటికి వెళ్లాను. రిజిస్టరులో నా పేరిట మూడు సీసాలున్నాయి. మూడో వరుసలో ఇచ్చినవాళ్ల పేరు లేదు. ‘మేస్త్రీ, విరించిపురం’ అని మాత్రం ఉంది.

"డెబ్బై ఏళ్లవాళ్ల దగ్గర మేము తీసుకోమయ్యా, కాళ్లు పట్టుకున్నా" అంది అక్కడి నర్సు.

విరించిపురంలో ప్రతి మేస్త్రీ ఇంటికీ వెళ్లాను. అలాంటి మనిషిని ఎవరూ ఎరగరు. పంచె ఇంకా మడత విప్పకుండా నా దగ్గరే ఉంది.

ఎన్నిసార్లు కూడినా ఈ లెక్క తేలలేదు. అడిగినవి రెండు, వచ్చినవి మూడు. నేను ఇద్దామంటే క్యాన్సర్ వచ్చినవాడి రక్తం తీసుకోరు. నేటికీ నా బాకీ ఒక సీసా.