మేస్త్రికి మిగిలిన ఒక్క మాట

అట్టపెట్టెల కార్ఖానాలో ఇరవయ్యారేళ్లు మిషను సెట్టింగు చేసిన మేస్త్రి, పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో పడి లేచేసరికి, ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "సెట్". అదీ ఇంగ్లీషు ముక్క. కన్నతల్లి నేర్పిన తెలుగంతా ఎటు పోయిందో పోయింది గానీ, పనిలో అబ్బిన ఆ ముక్క మాత్రం నాలుకని పట్టుకుని వదల్లేదు.

"కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుందమ్మా. ఒక్కోసారి అది తిట్టే అవుతుంది" అన్నాడు డాక్టరు.

"నయమేనండీ. తిట్టే మిగిలుంటే రోజంతా నేనే పడాల్సొచ్చేది" అంది మేస్త్రి భార్య. అని, వరండాలోకెళ్లి గోడకానుకుని ఏడ్చింది.

మొదటి నెల ఇద్దరికీ నరకం. ఆయన "సెట్" అంటే ఈవిడ నీళ్లు తెచ్చేది. తల అడ్డంగా ఊపి మళ్లీ అంటే దుప్పటి కప్పేది. అదీ కాదని ఆయన ఎడంచేత్తో మంచాన్ని గుద్దితే, ఈవిడకి ఒళ్లు మండి వంటింట్లోకి పోయి ఆ కోపం గిన్నెల మీద చూపించేది. అలా గిన్నెలు తోముతున్న ఒక మధ్యాహ్నం, వెనకనుంచి ఆ మాట వినపడగానే, తల తిప్పకుండానే "కిటికీ వెయ్యాలా? వస్తున్నా ఉండండి" అంది. అనేశాక చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. కిటికీ అని తనకెలా తెలిసినట్టు?

ఇక అక్కణ్ణుంచి చెవి తెరుచుకుంది. చివర సాగదీస్తే టీ. ముక్కుతో అంటే చొక్కా గుండీలు. రెండుసార్లు గబగబా అంటే, పక్కింటి సోదిమనిషి వస్తున్నాడు, నేను నిద్రపోతున్నానని చెప్పు. గొంతులోనే నొక్కేస్తే కాలు లాగుతోంది గానీ చెప్పుకోవడం ఇష్టం లేదు. కూర బాగోలేదనడానికి ఒకటి, బాగుందని ఒప్పుకోక తప్పనప్పుడు ఇంకొకటి. ఒకరోజు ఈవిడ కూర్చుని ఆయన గోళ్లు కత్తిరిస్తుంటే, తల వంచుకుని మెల్లిగా ఒక "సెట్" అన్నాడు. నీకెంత కష్టం తెచ్చిపెట్టానే అని. నోటినిండా మాటలున్న రోజుల్లో ఆ మహానుభావుడు ఈ మాట ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. ఇంత చిన్న మాటలో మనిషి మొత్తం ఎలా పడుతున్నాడా అని ఆవిడ కత్తెర పక్కన పెట్టి ఆయన్నే చూసింది. రకాలెన్నో చూద్దామని లెక్క మొదలుపెట్టి, నలభై దాటాక మానేసింది.

కానీ లోపల ఒకటే బెంగ. నాలుగు రోజులు తను మంచాన పడితే ఈయన మాట ఎవరికి అందుతుంది? కన్నకూతురే వచ్చినప్పుడల్లా "అమ్మా, నాన్న ఏమంటున్నాడు?" అని తన మొహం చూస్తుంది.

ఎనిమిదో నెలలో మేస్త్రి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి "సెట్" అన్నాడు. పనికి పోతానని. ఈవిడే వెంటబెట్టుకుని కార్ఖానాకి తీసుకెళ్లింది. ఓనరు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, ఆ తర్వాత తల గోక్కున్నాడు.

"అక్కా, ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. ఆ మాటతోనే వచ్చింది చిక్కు. అట్ట కోసే పలకల మధ్య చేతులు పెట్టి సర్దుతాడా, స్విచ్ దగ్గరున్న మనిషికి ఆ చేతులు కనపడవు. చేతులు తీసేశాక ఆయన 'సెట్' అంటేనే నొక్కాలి. ఇప్పుడు అన్నిటికీ అదే అంటున్నాడాయె. ఏది నమ్మి నొక్కమంటావు?"

"పక్కన నేనుండి చెప్తాను."

"రోజూ ఉండగలవా? అందుకే నువ్వు బయట నిలబడు. ఒక్కసారి చేసి చూపిస్తే రానిస్తాను. కుదరకపోతే నన్ను బలవంతపెట్టకు."

స్విచ్ దగ్గర, పనిలో చేరి ఏడాదైనా కాని పొడుగమ్మాయిని నిలబెట్టాడు. తలుపు అవతల మేస్త్రి భార్య చెవులు రిక్కించి నిలబడింది. లోపల "సెట్" అని వినపడింది. "ఏంటి బాబాయ్, ఏం కావాలి?" అంటోంది పొడుగమ్మాయి. సన్న పానా తల్లీ, సన్నది, అని అరవబోయి ఈవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి "ఓహో, ఇదా" అన్న గొంతు, ఇనుము తగిలిన చప్పుడు. మళ్లీ ఒక సెట్, మళ్లీ వెతుకులాట. ఒక గంట అలా గడిచింది.

అప్పుడొచ్చింది అసలుది. పని అయిపోయింది, ఇక నొక్కు అన్న సెట్. ఈవిడకి తెలిసిపోయింది. మిషను మాత్రం కదల్లేదు. ఉండబట్టలేక తలుపు తోసి చూసింది. పొడుగమ్మాయి స్విచ్ మీద చెయ్యి పెట్టి, మెడ చాచి మిషను వెనక్కి చూస్తోంది.

"తీశారా బాబాయ్ చేతులు? నాకు భయంగా ఉంది."

"సెట్" అన్నాడు మేస్త్రి, మిషను వెనకనుంచి.

ఆ పిల్ల నొక్కలేదు. ఓనరు నిట్టూర్చాడు. ఇక అయిపోయిందనుకుంది ఈవిడ. అంతలో మేస్త్రి కాలీడ్చుకుంటూ మిషను చుట్టూ తిరిగి వచ్చాడు. పనిచెయ్యని కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి పొడుగమ్మాయి చెయ్యి మీద పెట్టాడు. దాని మీద ఎడంచెయ్యి పెట్టాడు. ఇవిగో నా రెండు చేతులూ, లెక్క చూసుకో అన్నట్టు ఆ పిల్ల కళ్లలోకి చూసి, నొక్కాడు.

పలకలు మూసుకుని తెరుచుకున్నాయి. ఓనరు అట్టని వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్క అంచూ చెక్కుచెదరలేదు. మాట లేకుండా మాట ఇచ్చిన ఆ మనిషిని ఈవిడ కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"సోమవారం నుంచి రండి మేస్త్రీ, ఏడింటికల్లా" అన్నాడు ఓనరు.

మేస్త్రి తన కాలువైపు చూసుకుని "సెట్" అన్నాడు. అలవాటుకొద్దీ ఈవిడ విప్పి చెప్పబోయింది.

"అంత పొద్దున్నే ఆ కాలు సాగదంటున్నారు సార్. ఎనిమిదింటికి వస్తారట" అంది పొడుగమ్మాయి.

మేస్త్రి అవునని తలూపాడు. ఈవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "ఏమన్నారే ఆయన? నీ నోటితో ఇంకొక్కసారి చెప్పు తల్లీ" అని.