వాననీళ్లకు హోల్డాన్

అబ్రాహాముకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. వాన మొదలైతే ఊరంతా ఇళ్లలోకి పరుగెడుతుంది, ఆయన ఇంట్లోంచి బయటికి పరుగెడతాడు. ఎక్కడ నీళ్లు జోరుగా పారుతుంటే అక్కడ నిలబడి, మెడలో వేలాడే విజిల్ ఊది, "హోల్డాన్!" అని అరుస్తాడు.

ముప్పై ఒక్క ఏళ్లు ఎల్లారెడ్డి–కామారెడ్డి బస్సులో కండక్టరుగా పనిచేసిన గొంతు అది. దిగుడులో నిండు లోడుతో పోతున్న బస్సు కూడా ఆ కేకకు ఠక్కున ఆగేది. నీళ్లు మాత్రం ఆగేవి కావు. ఆగలేదని ఆయనేమీ కోపగించుకునేవాడు కాదు. ఇంటికెళ్లి గడ్డపార తెచ్చుకునేవాడు.

మల్కగుట్టకు పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన మొదటి రోజే ఉమారాణికి ఈ జబ్బుతో పరిచయమైంది. కామారెడ్డి నుంచి స్కూటీ మీద వస్తుంటే ఊరి మొదట్లో జల్లు అందుకుంది. రోడ్డు పక్కన తడిసి ముద్దయిన పెద్దమనిషి ఒకాయన విజిల్ ఊది చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె పోలీసేమో అనుకుంది. బ్రేకు కొట్టి, హెల్మెట్ తీసి, బ్యాగులోంచి లైసెన్సు బయటికి లాగింది.

"మీకు కాదు మేడం," అన్నాడాయన పక్క కాలువను చూపిస్తూ. "గీమెకు. గుట్ట దిగి ఎట్ల ఉరుకుతున్నదో చూడుండ్రి. ఈడ తాగనీకి నీళ్లు లేక మనం ఏడుస్తుంటే, ఈమెకు మంజీర దాక పోవాల్నంట."

"మీరు చెప్తే ఆగుతదా?"

"ఆగది. జెర మెల్లగ నడువుమంటున్న. ఉరికే నీళ్లు భూమిలకు దిగయి మేడం. బస్సు ఆగితేనే గద ఎవరన్న దిగేది?"

ఉమారాణి లైసెన్సు లోపల పెట్టుకుంది. డిగ్రీలో మూడేళ్లు చదివి మరిచిపోయిన పాఠం ఆమెకు ఆ వానలో ఒక్క ముక్కలో అర్థమైంది.

మల్కగుట్ట తాగేది వాగులో తవ్విన బావి నీళ్లు. గుట్ట మీద కురిసిన వాన నేలలోకి ఇంకితేనే ఆ బావికి ఊట. ఇంకకుండా జారిపోతే ఉగాది నాటికి అడుగున బురద మిగులుతుంది. అప్పుడు ట్యాంకరు కోసం బిందెల వరుస. అందుకే పై నుంచి ఊరికో వాటర్‌షెడ్ కమిటీ వేయమని ఉత్తర్వు వచ్చినప్పుడు ఉమారాణి మొదట రాసిన పేరు అబ్రాహాముది. ఆ సంగతి చాటింపు వేయించిన నాటి నుంచి ముసలి ఈరవ్వ రోజూ ఆఫీసుకు వచ్చి గుమ్మంలో కూర్చునేది.

"బిడ్డా, గా నీళ్ల షెడ్డు ఎప్పుడు కడుతరు? రేకులేస్తరా, స్లాబు పోస్తరా?"

ఉమారాణి చెప్పబోయి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తికమకపడుతుంటే అబ్రాహామే అందుకున్నాడు.

"షెడ్డు కట్టుడు ఎప్పుడో అయింది అవ్వా. గుట్ట మీద పడ్డ చినుకు మన బావిలకు చేరేదాక ఉన్న జాగ మొత్తం షెడ్డే. కప్పు లేదు, గోడల్లేవు. మనందరం దాంట్లనే ఉన్నం."

"అయితే అద్దె ఎవరికియ్యాలె?" అంది ఈరవ్వ అనుమానంగా.

ఆ షెడ్డులో ఆయన తిరగని మూల లేదు. గుట్ట మీంచి నీళ్లు దిగే ప్రతి ఒర్రెకూ అడ్డంగా రాళ్లు పేర్చాడు. ఉమారాణి ఒకసారి లెక్కపెట్టడానికి వెళ్లి, నూట నలభై దగ్గర కాళ్లు లాగి వెనక్కి వచ్చేసింది. వాలు వెంబడి దున్నుతున్న ముత్తయ్య నాగలి ముందు విజిల్ ఊది, "ఎడ్లను అడ్డం తిప్పు ముత్తన్నా, నువ్వు నీళ్లకు రోడ్డేస్తున్నవ్," అన్నాడు. ముత్తయ్య తిట్టాడు. ఎడ్లు మాత్రం విజిల్‌కు తిరిగాయి. ఆ ఏడు చేలో మట్టి కొట్టుకుపోకపోయేసరికి ముత్తయ్య తిట్టడం మానేసి, ఆ తెలివి ఎడ్లదే అని చెప్పుకున్నాడు.

రాజంపేటలో అబ్రాహాము మేనకోడలి పెళ్లి జరుగుతుంటే టెంటు మీద వాన దబదబా పడింది. పాస్టరుగారు ఆశీర్వాదానికి పెద్దాయనను పిలిస్తే కుర్చీ ఖాళీ. వెతగ్గా వెతగ్గా, టెంటు వెనక కొత్త చొక్కాతో, సాంబారు గరిటెతో కాలువ తీస్తూ దొరికాడు. భార్య కృపాజ్యోతి నెత్తి కొట్టుకుంది. "పెండ్లికొచ్చినవా, పొలానికొచ్చినవా?"

"పెండ్లి రేపటికైన పెండ్లే. ఈ నీళ్లు రేపు దొరుకుతయా?"

ఆయనంటే గిట్టని మనిషి ఊళ్లో ఒక్కడే, బషీర్. పరదేశం పోయి దమ్మాంలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చి, గుట్ట వాలులో కోళ్ల షెడ్డు వేసుకున్నాడు. రెండేళ్లుగా, వాన పడితే చాలు, అబ్రాహాము ఆ షెడ్డు వెనకే తేలేవాడు. విజిల్ వినబడేది, మనిషి కనబడేవాడు కాదు.

"అన్నా, నీకు నా షెడ్డు మీద ఏం దుష్మనీ?" అని బషీర్ చాలాసార్లు అడిగాడు. "నువ్వు విజిల్ ఊదితే కోళ్లు బెదిరి మేత ముడుతలేవు."

"అలవాటైతయి తీయ్. మా బస్సుల కోళ్లు చానసార్లు ఎక్కినయి, ఒక్కటి కూడ బెదరలే," అనేసి పోయేవాడు అబ్రాహాము.

ఉమారాణిని కూడా ఆయన వదల్లేదు. పొద్దున్నే ఆఫీసు ముందు ప్రత్యక్షం. "మేడం, బావిల బ్లీచింగ్ పౌడర్ ఏసిండ్రా?" నిన్ననే వేశామంటే, "ఇయ్యాల?" అనేవాడు. ఇదింకో జబ్బు కాబోలనుకుందామె.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు ఎనిమిది మంది వాంతులు, విరేచనాలతో పడిపోయారు. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించాక అందరూ లేచి తిరిగారు కానీ, ఉమారాణి వెంటనే మోటరు ఆపించి నీళ్లను పరీక్షకు పంపింది. బావిలో పెంట కలిసిందని తేలింది. బావికి పైన పెంటకుప్ప ఉన్నది ఒక్క చోటే, బషీర్ షెడ్డు దగ్గర.

గ్రామసభలో లింగయ్య లేచాడు. ఎనిమిది మందిలో ఆయన మనవరాలు ఒకతి. "షెడ్డు ఎత్తేయాలె. ఇయ్యాలనే తీర్మానం రాయుండ్రి మేడం."

బషీర్ లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ల మధ్య నిలబడ్డ అతని భార్య ఆమినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎనిమిదేండ్ల చెమట అంత దాంట్లనే పెట్టిన," అన్నాడు బషీర్. "ఎత్తేయుమంటే మళ్ల ఫ్లైటెక్కుడే. నాకెరుక, ఇది ఎవరు పెట్టిన మంటనో. రెండేండ్ల సంది నా షెడ్డు ఎనుక విజిల్ ఊదుతున్నది ఎవరు?"

అందరూ అబ్రాహాము వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే రేకుల మీద టపటపమని చినుకులు పడ్డాయి. కుర్చీ ఖాళీ!

ఉమారాణికి మొదటిసారి ఒళ్లు మండింది. ఒక మనిషి బతుకు తేలుతుంటే ఈయనకు వాన ఆట కావలసి వచ్చిందా? రిజిస్టరు మూసి, చెప్పులు చేతబట్టుకుని ఆయన వెనకే గుట్టెక్కింది. బషీర్, లింగయ్యతో సహా సభలో సగం మంది ఆమె వెనక నడిచారు.

షెడ్డు వెనక, నడుము లోతు కందకంలో, గడ్డపారతో ఉన్నాడాయన. షెడ్డు దిగువన అడ్డంగా తవ్విన కందకం అది. పెంటకుప్ప మీది నీళ్లను ఒర్రెలోకి పోనీయకుండా పక్కకు మళ్లించి, తన సొంత అరెకరంలోకి తీసుకుపోయేలా తవ్వాడు. ఆ అరెకరం బీడు పెట్టాడని, కండక్టరుకు సేద్యమేం తెలుసని ఊరంతా నవ్వింది. దాని చుట్టూ ఎత్తుగా గట్టు పోసి ఉంది. ఇంక ఇరవై గజాలు తవ్వితే కందకం ఆ గట్టులో కలుస్తుంది. అక్కడే బండ తగిలింది.

"ఎన్నటి సంది తవ్వుతున్నరు బాపు?" అంది ఉమారాణి. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"రెండు వానకాలాలాయె. వానల మట్టి మెత్తగుంటది. ఎవ్వరు బయటికి రారు, చూడరు. తవ్వినకాడల్ల మీద కంప కప్పిన."

"మాకు చెప్పొచ్చు గద!"

"చెప్తే ఏం చేద్దురు? ఇయ్యాల చేసిందే చేద్దురు." ఆయన గడ్డపారకు ఆనుకున్నాడు. "బస్సు నిండిందని మనిషిని నడి తొవ్వల దించుతమా మేడం? తలా జెర జరిగితే జాగ అయితది. నీళ్లకు ఏ తొవ్వ చూపిస్తే బావి బాగుంటదో, ఈ పోరని షెడ్డు నిలుస్తదో, వానల నిలబడి చూస్తేనే గద ఎరుకైతది."

"మరి రోజు బ్లీచింగ్ పౌడర్ అడిగింది?"

"కందకం అయ్యేదాక మందన్న పడాలె గద. సరిపోలే." ఆయన లింగయ్య వైపు చూడలేకపోయాడు. "నేను చెప్పాల్సి ఉండె లింగన్నా. ఇంకొక్క వాన ఆగుతదనుకున్న. నీ మనవరాలి కడుపునొప్పి నా తప్పే. ఈ బండకాడ నా నడుమే నాకు హోల్డాన్ అన్నది."

 బషీర్ గబగబా షెడ్డులోకి వెళ్లి రెండు పారలు తెచ్చాడు. రెండోది ఎవరికివ్వాలో తెలియక నిలబడితే లింగయ్య వచ్చి లాక్కున్నాడు. "నీకు కోళ్లను సాకుడు తప్ప తవ్వుడు రాదు. జరుగు," అన్నాడు.

బండకు మర్నాడు మిషను వచ్చింది. వారంలో కందకం కలిసింది. పెంటకుప్ప మీద రేకులు పడ్డాయి. బావి తోడి, కడిగి, మళ్లీ పరీక్ష చేయించి నీళ్లు బాగున్నాయని కాగితం వచ్చాకే ఉమారాణి మోటరు వేయించింది. మరుసటి ఎండాకాలం రోహిణి కార్తెలో కూడా రోజూ గంటసేపు మోటరు నడిచింది. ట్యాంకరు ఊరి దారి మరిచిపోయింది.

జూన్‌లో అబ్రాహాముకు సన్మానం పెట్టారు. మండలం నుంచి ఒక అధికారి వచ్చి అరగంట మాట్లాడాడు. బషీర్ శాలువా అందించాడు. అధికారి దాన్ని రెండు చేతులా విప్పి ముందుకు వంగాడో లేదో, తొలకరి చినుకు టెంటు మీద పడింది. శాలువా గాల్లో ఉండిపోయింది.

అధికారి అటూ ఇటూ చూసి, "ఏమ్మా, ఏం చేద్దాం?" అన్నాడు ముందు వరుసలో కూర్చున్న కృపాజ్యోతితో.

ఆమె నింపాదిగా లేచి వచ్చి శాలువా అందుకుని, చక్కగా మడిచి చంకలో పెట్టుకుంది.

"నాకియ్యుండ్రి సారు. ఎట్లైన తడిసే వస్తడు. తల తుడుసనీకి మంచిగుంటది."