కావేరికి తెచ్చిన చీర

తెనాలిలో షాహీదా టీచరంటే తెలియనివాళ్లు తక్కువ. జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి, రిటైరయ్యాక ఊరికే కూర్చుంటుందా! డెబ్బై ఏడు ఉప్పెన మీద ఏకంగా నవలే రాసిపడేసింది. పాత సంగతులు ఇప్పుడెందుకండీ అని ఎవరైనా అంటే, "పేరు కూడా మిగలకుండా పోయినవాళ్లకి ఓ పేరుండాలి కదండీ" అనేది. నవలకు జరిగిన సన్మానంలోనూ అదే మాట చెబితే చప్పట్లే చప్పట్లు.

ఆ పేరే కొంప ముంచింది.

నవల కోసం ఆమె బాపట్ల దాటి సూర్యలంక వెళ్లి, వల బాగుచేసుకుంటున్న నాగమ్మను కదిపింది. ఉప్పెనలో ఆరేళ్ల చెల్లెలు కావేరి తన చెయ్యి జారి కొట్టుకుపోయిందనీ, శవమైనా దొరకలేదనీ నాగమ్మ చెప్పుకుని ఏడ్చింది. నవలలో ఆ పిల్లను చంపడానికి షాహీదాకు మనసొప్పలేదు. రేపల్లెలో ఒక సాయిబుల ఇంట పెరిగి పెద్దదైనట్టు రాసింది. పేరు మాత్రం మార్చలేదు. సూర్యలంకలో తన నవల ఎవరు చదువుతారులే అనుకుంది. పొగరు కాకపోతే ఏంటి!

నాగమ్మ మనవరాలు చదివి వినిపించింది. ఆ మర్నాడే నాగమ్మ బస్సెక్కి తెనాలి వచ్చేసింది. సంచిలోంచి ఎర్రంచు పచ్చచీర తీసి బల్ల మీద పెట్టింది.

"ఏటా మా పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు దానిక్కూడా పెడతానమ్మా. ముందు గౌను పెట్టా, తర్వాత పరికిణీ, ఇప్పుడు చీర. ఈ ఏడు పెట్టలా. బతికున్న మనిషికి పెడితే అరిష్టం కదా! రేపల్లెలో ఏ వీధో చెప్పు టీచరమ్మా, నా చేత్తో ఇచ్చొస్తా."

వీధేమిటి, ఆ ఇల్లే షాహీదా కల్పించింది మరి.

"రేపల్లెలో లేదక్కా. ఎక్కడా లేదు. అదంతా నేను అల్లిన కథ."

అంటూనే తల వంచేసుకుంది. ఆ పిల్లను మళ్లీ నీళ్లలోకి తోసింది తానేనని ఆమెకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయింది.

నాగమ్మ చీర మడత సర్దింది.

"మరి ఎందుకు బతికించావమ్మా?"

"చంపబుద్ధి కాలేదక్కా."

"నాకు మాత్రం చెయ్యి వదలబుద్ధయిందా?" అంది నాగమ్మ. కళ్లు తుడుచుకుని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

షాహీదా చీర పట్టుకుని వెంట పరుగెత్తింది.

"అక్కా, చీర మర్చిపోయావు!"

"నీ దగ్గరే ఉండనీ తల్లీ. ఇంటికి తీసుకుపోతే పెద్దలతో పాటు దానికీ పెట్టెయ్యాలి."